స్థానికుల సంతకం

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలు నాకు ఫోన్ చేసి, "మేడం, క్షయ రిజిస్టరు ఎలా నింపాలి?" అని అడుగుతుంటారు. అది నేర్పడానికి డిపార్టుమెంటు ఉంది, ట్రైనింగులున్నాయి, అక్కడ మధ్యాహ్నం భోజనం కూడా పెడతారు. నేను ఆ రిజిస్టరులో నా చేత్తో రాసిన ఒక అబద్ధం గురించి చెబుతాను. రాసేటప్పుడు అది అబద్ధమని నాకు తెలియదు. తెలుసుకుందామనీ అనుకోలేదు. ఈ రెండో మాట గుర్తు పెట్టుకోండి.

శంషాబాద్ దగ్గర ఒక ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఆరేళ్ళు హెల్త్ సూపర్‌వైజరుగా పనిచేశాను. కొత్త విమానాశ్రయం తెరిచిన ఏడాది అక్కడికి బదిలీ అయ్యాను. రాష్ట్రం రెండుగా విడిపోయిన ఏడాది, నా మోకాళ్ళు నాతో విడిపోతే, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. మధ్యలో ఎన్ని మెమోలు అందుకున్నానో, ఎవరితో ఎన్నిసార్లు పోట్లాడానో ఇక్కడ రాయను. అది వేరే పుస్తకం అవుతుంది.

మా పరిధిలో విమానాలు దిగేవి, మనుషులు కూడా దిగేవాళ్ళు. గగన్‌పహాడ్ ఫ్యాక్టరీల్లోకి బిహారు వాళ్ళు, ఒడిశా వాళ్ళు. హోటళ్ళు, గోడౌన్లు కట్టే చోట్లకి పాలమూరు వాళ్ళు, విజయనగరం, శ్రీకాకుళం వాళ్ళు. కట్టడం పక్కనే రేకుల షెడ్లు. ఒక్కో షెడ్డులో రెండు మూడు కుటుంబాలు, మధ్యన చీర అడ్డం. అక్కడ ఒకరు దగ్గితే ఎంతమంది పీలుస్తారో మీరే ఊహించుకోండి. క్షయకి ఆరు నెలలు మందు మింగాలి. సొంత ఇల్లున్న వాడికి ఆరు నెలలంటే ఆరు నెలలే. కట్టడం పనివాడికి అది రెండు మూడు ఊళ్ళు.

నేను పెట్టిన రూలు

అప్పట్లో ఒక్కో రోగికి ఒక్కో మందుల డబ్బా వచ్చేది, దాని మీద రోగి పేరు రాసేవాళ్ళం. రోగి మధ్యలో మాయమైతే ఆ డబ్బా మా మొహం చూస్తూ అల్మరాలో కూర్చునేది. నయమైనవాళ్ళ శాతం పడిపోయేది. శాతం పడితే జిల్లా మీటింగులో మా డాక్టరుగారిని అందరి ముందూ నిలబెట్టేవాళ్ళు.

మా డాక్టరుగారు చెడ్డవారు కాదు. రోగిని కసురుకోవడం ఆయన దగ్గర నేనెప్పుడూ చూడలేదు. కానీ మీటింగు నుంచి వచ్చిన రోజు మాత్రం, "ఎగిరిపోయే పిట్టలకి మనం గూళ్ళు కడుతున్నామమ్మా. వీళ్ళని వాళ్ళ జిల్లాలకే పంపేస్తే పోలేదా?" అనేవారు.

పంపేయడం నాకు నచ్చలేదు. అందుకని తెలివిగా ఒక మార్గం కనిపెట్టాను. బయటి ఊళ్ళ నుంచి వచ్చిన రోగికి డబ్బా తెరవాలంటే ఇక్కడి మనిషి ఒకరు పూచీ పడాలి. "ఈ మనిషి ఆరు నెలలు ఇక్కడే ఉంటాడు, నాకు తెలుసు" అని సంతకం పెట్టాలి. కాగితం నమూనా నేనే రాశాను. పైన పెద్ద అక్షరాలతో 'క్షయ చికిత్స – స్థానికుల పూచీ' అని రాసి, కింద రెండు గీతలు కొట్టాను. నా దస్తూరీ బాగుంటుందని అందరూ అంటారు.

డాక్టరుగారు సంతోషించారు. జిల్లా మీటింగులో ఆయన్ని మెచ్చుకున్నారట. నాకు నెల రోజులు కాళ్ళు నేల మీద ఆనలేదు.

తవుడు

రూలు పెట్టాక వచ్చిన మొదటివాళ్ళలో తవుడు ఒకడు. విజయనగరం వైపు మనిషి, పాల్మాకుల దగ్గర ఒక గోడౌను కట్టే జట్టులో సెంట్రింగు పని. దగ్గితే నెత్తుటి జీర పడుతున్నా పని మానలేదు. పూచీ కాగితం ఇస్తే మర్నాడే సంతకంతో తెచ్చాడు. వాళ్ళ మేస్త్రి సంతకం. అతనిదీ ఆ వైపే అయినా ఏళ్ళుగా ఇక్కడే ఉంటున్నాడు, చాలనుకున్నాను. నా ఎదురుగానే మొదటి డోసు మింగాడు. "ఎల్లుండి రా, మళ్ళీ మింగాలి" అన్నాను. "అలాగేనమ్మా" అన్నాడు.

ఎల్లుండి రాలేదు. ఆ తర్వాతా రాలేదు. షెడ్డుకి వెళితే మేస్త్రి చేతులు కట్టుకుని, "ఎల్లిపోనాడండి. సెప్పకుండా ఎల్లిపోనాడు" అన్నాడు.

నేను అక్కడే నిలబడి, వినేవాళ్ళందరికీ వినబడేలా తవుడిని తిట్టాను. "వీళ్ళింతే. ప్రభుత్వం మందు చేతిలో పెట్టినా మింగరు" అన్నాను. వచ్చి రిజిస్టరులో తవుడి పేరు ఎదురుగా రాశాను: 'చెప్పకుండా వెళ్ళిపోయాడు.' అక్షరాలు చాలా చక్కగా కుదిరాయి.

పైడమ్మ అడిగినదీ, నేను విననిదీ

తర్వాతి ఏడాది చలికాలంలో అదే జట్టు నుంచి పైడమ్మ వచ్చింది. ముప్ఫై ఏళ్ళు కూడా ఉండవు. మెడ ఎముకలు లెక్కపెట్టొచ్చు. చంకలో మూడేళ్ళ ఆడపిల్ల. కఫం పరీక్షలో క్షయ అని తేలింది. కాగితం చేతికిచ్చి, ఇక్కడివాళ్ళ సంతకం తెమ్మన్నాను.

"అమ్మగోరూ, మాకిక్కడ ఎవులు తెలుసు? మేస్త్రి తప్ప మాకెవులూ తెలవదు."

"అయితే మేస్త్రి చేతే పెట్టించుకు రా. సంతకమే కదా, తల అడుగుతాడా?"

ఆమె కాగితం మడిచి నడుముకి దోపుకుని వెళ్ళిపోయింది. పది రోజులైనా రాలేదు. ఇంకొకత్తె ఎగిరిపోయింది అనుకున్నాను. రిజిస్టరు తెరిచి ఆ పాత వాక్యమే రాయబోయి, ఎందుకో ఆగి, షెడ్డుకి బయల్దేరాను. మంచితనం కాదు. డాక్టరుగారు ఆరోజు నన్ను శాతం గురించి అడిగారు. ఆ కోపం ఎవరి మీదైనా తీర్చుకుందామని వెళ్ళాను.

షెడ్డు ముందు గిన్నెలు తోముతోంది. నన్ను చూడగానే బిందె ఎత్తుకుంది. "ఇక్కడ మాటాడకండి. నీల్లకాడికి రండి" అని ముందు నడిచింది. పొలంలో ఒక బోరు, దాని పక్కన తొట్టి. బిందె తొట్టిలో ముంచుతూ, నా వైపు చూడకుండా చెప్పింది.

"తవుడు మా పెదనాన్న కొడుకమ్మా. మీరిచ్చిన కాయితం మేస్త్రి కాడికి అట్టుకెల్లినాడు. మేస్త్రి సదివినాడు. సంతకం ఎట్టినాడు. మర్నాడు ఆటో తెచ్చి టేసనుకి తోలేసినాడు. కంట్రాక్టరుకి తెలిస్తే జట్టు జట్టునీ తీసేస్తాడన్నాడు."

"ఇప్పుడు తవుడు ఎక్కడున్నాడు?"

"ఎక్కడున్నాడేటమ్మా. ఊరెల్లి నెల తిరక్కుండా సచ్చిపోనాడు."

 అప్పుడు నా నోటికి వచ్చిన మాట సిగ్గుచేటు. "మరి నాకెందుకు చెప్పలేదు?" అన్నాను.

"సెప్పినాను కదమ్మా. మాకెవులూ తెలవదని సెప్పినాను కదా."

బిడ్డ తొట్టి అంచు పట్టుకుని ఆడుకుంటోంది. పైడమ్మ దగ్గు ఆపుకోవడానికి కొంగు నోట్లో కుక్కుకుంది. "మేస్త్రికి సెప్పకండమ్మా. నన్ను తోలేస్తే నా గుంటకి ఎవులున్నారు?" అంది. వాళ్ళ వైపు ఆడపిల్లని గుంట అంటారు.

ఆఫీసుకి వచ్చి పాత పేజీలు తిరగేశాను. రూలు పెట్టాక, బయటివాళ్ళలో చెప్పకుండా వెళ్ళిపోయారని నేను రాసిన ప్రతి పేరుకీ ఒక పూచీ కాగితం ఉంది. ప్రతి కాగితం మీదా ఎవరో ఒక మేస్త్రి సంతకం ఉంది. ఊరుకాని ఊళ్ళో కూలివాడికి తెలిసిన ఇక్కడి మనిషి ఎవరు? వాణ్ణి తెచ్చినవాడే, తీసేయగలిగినవాడే. రోగం సంగతి ఎవరికి తెలియకూడదో సరిగ్గా వాడి చేతికే, గీతలు కొట్టి మరీ, నేను కాగితం పంపించాను.

డాక్టరుగారి దగ్గరికి వెళ్ళి, పైడమ్మకి కాగితం లేకుండా డబ్బా తెరవాలన్నాను.

"ఆ రూలు మీరే పెట్టారు కదమ్మా?"

"నేనే పెట్టాను. నేనే తీసేస్తున్నాను."

"రేపు శాతం పడిపోతే?"

"శాతం నెత్తురు కక్కదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తుడుస్తున్నారంటే ఒప్పుకున్నట్టే. కాకపోతే ఒక మాటన్నారు, అది న్యాయమైనదే: మా కేంద్రానికి నడిచి వస్తే ఆమెకి పూట పని పోతుంది, మేస్త్రికి అనుమానం వస్తుంది. షెడ్డుకి దగ్గర్లో ఎవరో ఒకరు వారానికి మూడు రోజులు కళ్ళెదుట మింగించాలి. ఎవరు?

యాదమ్మ పగ

ఆ బోరు యాదమ్మది. పాల్మాకుల ఆమె సొంత ఊరు, యాభై దాటిన మనిషి, భర్త లేడు. పొలంలో చాలా భాగం విమానాశ్రయం కిందికి పోగా మిగిలిన చెక్కా, రెండు బర్రెలూ, ఊరంతా భయపడే నోరూ ఆమె ఆస్తి. నాకూ ఆమెకీ అంతకుముందే దోమల మందు దగ్గర ఒక యుద్ధం జరిగింది.

విషయం చెప్పగానే లేచింది. "ఏంది నర్సమ్మా! నా ఇంట్ల దగ్గురోగపోళ్ళకు మందా? నా బర్రెలకు అంటుకుంటే?"

"నేను నర్సుని కాదు, సూపర్‌వైజర్ని. నీ బర్రెలకేమీ కాదు."

"ఏదైతేంది. నాకెందుకీ పరేషాన్? ఊరూ పేరూ తెల్వనోళ్ళు. ఇయ్యాల ఉంటరు, రేపు పోతరు. ఆళ్ళకు జామీను ఎవరు?"

నా కాగితమే ఆమె నోట్లోంచి మాట్లాడింది. "జామీను ఎందుకమ్మా, మనిషికి ప్రాణం మీదికొస్తే?" అన్నాను.

"గట్లనా? మరి నువ్వు గుంటూరు దిక్కుకెల్లి వచ్చినవ్. నువ్వెవరి జామీను మీద వచ్చినవ్ ఈడికి?"

అవి బందుల రోజులు, ఉద్యమం రోజులు. నా యాస వినగానే కొందరు మొహం తిప్పుకునేవాళ్ళు.  కానీ నన్నెవరూ జామీను అడగలేదు. బ్యాగులో ప్రభుత్వం ఆర్డరు వేసుకుని వచ్చాను, అంతే.

లేచి వెళ్ళబోతూ, "సరే, నీకిష్టం లేకపోతే మానెయ్. కానీ ఈ సంగతి మేస్త్రికి చెప్పకు" అన్నాను.

"ఏ మేస్త్రి? నా బోరుకు చెప్పకుండ పైపు తగిలిచ్చిండు, గా మేస్త్రేనా?"

"ఆయనే."

"ఆనికి తెల్వకుండ చేసుడా?" యాదమ్మ కాసేపు బర్రె వీపు నిమిరింది. "డబ్బా గిటు తే."

మీటింగుల్లో మనకి దయ గురించి, సేవ గురించి చెబుతారు. వినండి. కానీ ఊళ్ళో ఎవరికి ఎవరి మీద పగ ఉందో కూడా తెలుసుకోండి. నాకు దయకన్నా అది ఎక్కువసార్లు పనికొచ్చింది.

సోమ, బుధ, శుక్రవారాలు పనికి వెళ్ళే దారిలో పైడమ్మ చెంబు పట్టుకుని పిల్లకి పాల కోసం వచ్చేది. చూసేవాళ్ళకి పాలు. పెరట్లో మందు. నేను అప్పుడప్పుడూ వెళ్ళి చూసేదాన్ని.

"నోరు తెరువు. నాలిక ఎత్తు. కింద దాచినవేమో!"

"లేదప్పా, మింగినాను."

"ముందుగాల రొట్టె తిను. ఉత్త కడుపుల గోలీలు ఏస్తే కక్కుతవ్. నర్సమ్మ నన్ను తిడతది."

"నేను నర్సుని కాదు," అనేదాన్ని. ఇద్దరూ వినిపించుకునేవాళ్ళు కాదు.

ఏడో వారం

ఇక్కడ నా రెండో తప్పు. ఈ మందు మింగితే మూత్రం ఎర్రగా వస్తుంది. ప్రమాదం లేదు, మొదటిరోజే చెప్పాలి. పైడమ్మకి చెప్పాను. దాని వల్ల ఏం జరగొచ్చో మాత్రం ఆలోచించలేదు. షెడ్డులో మరుగుదొడ్డి లేదు. తెల్లవారుజామున ఆడవాళ్ళంతా కలిసి తుప్పల్లోకి వెళతారు. ఇంట్లో మరుగుదొడ్డి ఉన్నదాన్ని, నాకది తట్టలేదు. ఒకత్తె చూసి నెత్తురనుకుంది, ఇంకొకత్తెకి చెప్పింది, మాట మేస్త్రిని చేరింది. దగ్గుకి నెత్తురు తోడయ్యేసరికి అతనికి తవుడి రోగమే తట్టింది.

ఏడో వారంలో ఒక శుక్రవారం పొద్దున్నే యాదమ్మ ఫోన్ చేసింది.

"పైడి పాలకు రాలె."

"ఆలస్యమైందేమో."

"ఆలస్యం గాదు. షెడ్డు కాడ ఆటో నిలవడ్డది. మూట కడుతున్నరు. జల్ది రా."

రోడ్డు మీద షేరు ఆటో పట్టుకుని, మలుపు దగ్గర దిగి, అక్కడి నుంచి ఆ మోకాళ్ళతో పరుగెత్తాను. దారంతా తవుడే కనిపించాడు. "అలాగేనమ్మా" అన్న గొంతు. దగ్గు తగ్గే సమయం ఇది. ఇప్పుడు మందు ఆగితే రోగం ముదిరి తిరిగొస్తుంది, ఆ తర్వాత మామూలు మందుకి లొంగకపోవచ్చు. బదిలీ కాగితం రాసి వాళ్ళ జిల్లాకి పంపొచ్చు కదా అంటారేమో. కాగితం చేరేసరికి మనిషి ఉండాలి కదా.

నేను వెళ్ళేసరికి పైడమ్మ పిల్లని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో కూర్చుని ఉంది. కాళ్ళ దగ్గర మూట. భర్త అప్పలనాయుడు ఆటో కడ్డీ పట్టుకుని నేల చూస్తున్నాడు. జట్టు మొత్తం దూరంగా నిలబడి ఉంది.

"ఆపండి! ఈమెను ఎక్కడికి పంపుతున్నారు?"

మేస్త్రి ఎప్పటిలాగే చేతులు కట్టుకున్నాడు. "మా ఊరి మనిసిని మా ఊరికి పంపుతున్నామండి. మీకేటి ఇబ్బంది?"

నేను చట్టం అన్నాను, పోలీసులన్నాను, కలెక్టరన్నాను. చట్టం పేరు నాకే తెలియదు. అతను ఓపిగ్గా విన్నాడు.

"ఆవిడకి మీరేటవుతారు మేడంగోరూ?"

"నేను ప్రభుత్వం తరఫున…"

"గవర్మెంటు సాయంత్రం అయిదింటికి ఇంటికెల్లిపోద్ది. ఆపైన దగ్గితే మా షెడ్లోనే కదండీ దగ్గుతాది. మిగతావోల పిల్లలు మనుసులు కారా?"

ఇది రాయడానికి కష్టంగా ఉంది, కానీ అతని ప్రశ్న సరైనదే. కొన్ని వారాలు మందు పడ్డాక ఆమె నుంచి ఇతరులకి సోకే భయం చాలా వరకు పోతుంది. ఆ సంగతి అతనికి ఎవరు చెప్పాలి? నేను. రెండేళ్ళుగా ఆ షెడ్డుకి వస్తున్నాను. పేర్లు రాసుకున్నాను, తిట్టాను, వెళ్ళాను. ఒక్కరోజు కూర్చుని చెప్పలేదు.

అతను ఆటోవాడికి సైగ చేశాడు. ఇంజను మొదలైంది.

"ఆపు రా!"

యాదమ్మ. చేతులకి పేడ అలాగే ఉంది. వచ్చి ఆటోకి అడ్డంగా నిలబడింది. "ఆమెను దించు."

"నీకేటి సంబంధం?" అన్నాడు మేస్త్రి.

"నా కిరాయిదారు. కొట్టం పక్క గది ఇచ్చిన. నిన్ననే మాట్లాడుకున్నం. ఇగ పాల్మాకులల నా ఇంట్ల ఉంటది. నా ఇంట్ల మనిషిని ఊరు పంపనీకి నువ్వెవ్వడివి?"

అలాంటి మాటేదీ జరగలేదు. పైడమ్మ నోరు తెరిచి చూస్తోంది. నేనూ అంతే.

మేస్త్రి నవ్వాడు. "కిరాయికిచ్చినావా? కాయితమేదీ?"

"కాయితమా? నా బోరుకు పైపు తగిలిచ్చిననాడు నువ్వు కాయితం రాసిచ్చినవా?"

జట్టులో ఎవరో కిసుక్కున నవ్వారు. తర్వాత ఇంకొకరు. మేస్త్రి చేతులు విడిపోయాయి. అప్పుడు, అంతసేపూ నేల చూస్తున్న అప్పలనాయుడు వంగి మూట దించాడు.  మేస్త్రి వంక చూడలేదు. మూట నెత్తిన పెట్టుకుని యాదమ్మ ఇంటి వైపు నడిచాడు.

మేస్త్రి మర్నాడు అతన్ని పనిలోంచి తీసేయొచ్చు. ఆ భయంతోనే నేను అక్కడి ఇసక కుప్ప మీద కూర్చున్నాను. క్షయ ఎలా వస్తుందో, ఎలా పోతుందో, పైడమ్మ వల్ల ఇప్పుడు భయం ఎందుకు లేదో, మూత్రం ఎందుకు ఎర్రగా వస్తుందో అందరికీ చెప్పాను. దగ్గు ఉన్నవాళ్ళెవరైనా సరే కఫం డబ్బా తీసుకోండి, కాగితం వద్దు, సంతకం వద్దు, ఎవరికీ చెప్పను అన్నాను. ఎవరూ కదల్లేదు. నేను తిరిగి రోడ్డెక్కాక వెనక నుంచి అడుగులు వినిపించాయి. మేస్త్రి.

"మేడంగోరూ. ఆ డబ్బా ఒకటి ఇయ్యండి."

అతనిది బీడీ దగ్గేనని తేలింది. కానీ అప్పలనాయుడి పని పోకుండా నిలిచింది.

దిద్దుబాటు

పైడమ్మ ఆరు నెలలూ పూర్తి చేసింది. చివరి పరీక్షలో ఏమీ లేదని వచ్చింది. గోడౌను కూడా పూర్తయింది. జట్టుతో పాటు వాళ్ళూ ఇంకో ఊరి పనికి వెళ్ళిపోయారు. వెళ్ళే రోజు యాదమ్మ గుమ్మంలో నిలబడి, "పోనీయ్, మందయితే అయింది కద" అని, పిల్ల చేతిలో రొట్టె పెట్టి, నా మీదికి ఒంటికాలి మీద లేచింది. "ఏం చూస్తున్నవ్ నర్సమ్మా? గది ఖాళీ అయింది. ఇంకెవలన్న ఉంటే తోలు."

తోలాను. తర్వాత చాలామందిని తోలాను.

ఆ మధ్యాహ్నం డాక్టరుగారు పైడమ్మ పేరు ఎదురుగా 'నయమైంది' అని రాశారు. రిజిస్టరు నేను అందుకుని పాత పేజీకి తిప్పాను. నా చక్కని అక్షరాలు అలాగే ఉన్నాయి: 'చెప్పకుండా వెళ్ళిపోయాడు.' దాన్ని కొట్టేసి, పక్కన రాశాను: 'నేనడిగిన సంతకం వల్ల పని చోటు నుంచి పంపేశారు. ఊళ్ళో చనిపోయాడు.'

డాక్టరుగారు చదివి కళ్ళజోడు తీశారు. చాలాసేపు తుడిచారు.

"ఎప్పటిదో ఇప్పుడు దిద్దితే పైవాళ్ళు అడుగుతారమ్మా."

"అడగనివ్వండి."

"దిద్దిన చోట సంతకం ఉండాలి."

పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. తవుడి పేరు పక్కన నా సంతకం పెట్టాను.